దాలినాయుడి రాజీనామా

కొండవాగుపేట సర్పంచి దాలినాయుడు మంచివాడే కాని, ఏ సమస్య వచ్చినా అది ఇంకొకరి పని అనేవాడు.

ఒక వానాకాలం, ఊరికి మంచినీళ్లు వదిలే పైడయ్య పరుగున వచ్చాడు.

"బాబూ, పడమటి వీధి పైపు పగిలింది. మురుగు కలుస్తోంది."

"ఇంజనీరుగారికి చెప్పు. పైపుల సంగతి నాకేం తెలుసు?" అన్నాడు దాలినాయుడు.

పైడయ్య చెప్పాడు. ఇంజనీరు రాలేదు. వారం తిరగకుండానే ఆ వీధిలో ముప్పైమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. వారిలో రాములమ్మ అనే ఆమె ఆరేళ్ల కూతురు గౌరి చనిపోయింది.

అధికారులు ఇంజనీరును సస్పెండు చేశారు. సర్పంచిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అతను రాములమ్మను పరామర్శించడానికి వెళ్లాడు.

"నీళ్లు కాచి తాగమని ఒక్కరు చెప్పినా నా బిడ్డ బతికేది. ఎవరు చెప్పాలి బాబూ?" అని అడిగింది ఆమె.

ఆమె నిందించలేదు. నిజంగా తెలియకే అడిగింది. దాలినాయుడు లేచి ఇంటిదారి పట్టాడు.

మూడు రోజులు అతనికి అన్నం సయించలేదు. పైపు తను పగలగొట్టలేదు. బాగుచేయడం తనకు రాదు. మరి తప్పు ఎవరిది? చివరికి పదవి వదులుకోవాలనిపించి, ఆ మాట ఉపసర్పంచికి చెప్పాడు.

"రాజీనామా చేస్తే నేరం ఒప్పుకున్నట్టే అంటారు," అన్నాడు ఉపసర్పంచి సన్యాసిరావు.

"చేయకపోతే?"

"ఏమీ అనరు. నాలుగు రోజుల్లో మరిచిపోతారు."

ఆ మాట వినగానే, తనూ అలాగే మరిచిపోతాడేమోనని దాలినాయుడికి భయం వేసింది.

మర్నాడు గ్రామసభలో లేచి నిలబడ్డాడు. "పైపు పగిలిందని నాకు తెలుసు. ఊరికి చెప్పవలసింది నేనే. చెప్పలేదు. అందుకే పదవి వదులుకుంటున్నాను," అన్నాడు.

సభ అయోమయంలో పడింది. "ఎవరూ అడక్కుండా ఎందుకు దిగిపోతున్నాడు?" అన్నారు కొందరు. "మళ్లీ గెలవడానికి నాటకం," అన్నారు ఇంకొందరు. తను చేసింది సరైనదో కాదో దాలినాయుడికే పూర్తిగా తెలియలేదు.

అప్పుడు వెనక నుంచి రాములమ్మ లేచింది.

"నా బిడ్డ తిరిగి రాదు. కాని నేను అడిగినదానికి ఇవాళ జవాబు దొరికింది," అని కళ్లు తుడుచుకుంది.

సన్యాసిరావు తల దించుకున్నాడు. సర్పంచిగా బాధ్యతలు తీసుకున్న రోజునే అతను పైడయ్యను వెంటబెట్టుకుని ఊళ్లోని ప్రతి పైపూ స్వయంగా చూశాడు.

నీతి: పదవిలో ఉన్నవారు తమ నిర్లక్ష్యం వల్ల ప్రజలకు జరిగిన నష్టానికి, ఎవరూ అడగకముందే బాధ్యత వహించాలి.