ఎల్లాజీ చేతికి పూలదారం

ఎల్లాజీకి పెద్ద చేప పడుతుంది, కానీ దక్కదు. అదీ అతని బాధ.

నక్కలరేవులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎంత దూరం పోయినా, ఎంత ఓపిగ్గా కాచుకున్నా, కొమ్ముకోణం చేప పడవ పక్కదాకా వస్తుంది. కత్తిలాంటి మూతి పైకెత్తి అతన్నొకసారి చూస్తుంది. ఆ చూపుకి ఎల్లాజీకి ఆత్రం పుట్టి, గాలం తాడు అరచేతికి చుట్టి ఒక్క గుంజు గుంజుతాడు. తాడు తెగుతుంది. తెంపుల ఎల్లాజీ అని ఊళ్ళో పేరు పెట్టేశారు. పేర్లు పెట్టడానికి మావాళ్ళకి మహా తీరిక.

అతని గురువు పైడయ్య. పొద్దున్న వేటకెళ్తాడు, సాయంత్రం ఇసకలో కూర్చుని తత్వాలు పాడతాడు. ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాడు తత్వమూ నేర్చుకోవాలి, తెడ్డు వెయ్యడమూ నేర్చుకోవాలి. పట్నం బీచిలో షికారు కయాకులు పాతబడ్డాయని అమ్మేస్తుంటే రెండు కొనుక్కొచ్చాడు. ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత సన్నటి పడవలవి. ఇంజను లేదు, నీడ లేదు. "ఏటి పైడయ్యా, పెళ్ళికొడుకులాగ ఊరేగుతావా?" అని ఊరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. మర్నాటి నుంచి కొండలు కనపడనంత దూరం దాంట్లోనే వెళ్ళొస్తున్నాడు.

ఒడ్డు నుంచి దూరం పోతుంటే వెనక కొండలు ఒక్కొక్కటీ నీళ్ళలోకి దిగిపోతాయి. ఆఖరి కొండ తల మునిగాక, గురువు వెళ్ళమన్నవాడే ఒంటరిగా ముందుకి పోవాలి. మా రేవులో అది కట్టు. ఎల్లాజీతో ఆ మాట పైడయ్య ఇంకా అనలేదు.

ఒక సాయంత్రం మళ్ళీ తెగిన తాడుతో వచ్చి, ఎల్లాజీ గురువు ముందు కూలబడ్డాడు.

"గురువా, నా సేతుల్లో బలం లేదా?"

"ఉందిరా. దున్నపోతుకున్నంత ఉంది."

"మరింకేటి తక్కువ?"

పైడయ్య చుట్ట వెలిగించుకున్నాడు.

"రేపు కూడా తెగిందంటే తెడ్డు సముద్రంలోకి ఇసిరీసి, మా బావమరిది బోటుకి కూలికెల్పోతాను. నాకొద్దీ ఏట."

ఊరికే అన్నమాట కాదు. కొండలు మునిగిన చోట, ఏ చప్పుడూ లేని ఆ నీళ్ళ మీద కూర్చోవడం తప్ప అతనికి ఈ లోకంలో మరేదీ అంత ఇష్టం లేదు. గురువు పక్కన లేకుండా అక్కడికి పోవడం తలుచుకుంటే మాత్రం భయమేసేది.

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. ఆ రోజు సముద్రానికి ఇంకా నిద్ర తీరలేదు. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియని ఒకే బూడిద రంగు. తెడ్డు ముంచితే చిన్న చప్పుడు, తీస్తే బొట్లు రాలే చప్పుడు. తాము ముందుకి పోతున్నారో, నీళ్ళే వెనక్కి పోతున్నాయో ఎల్లాజీకి తెలియలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి కొండలు లేవు.

గాలానికి ఎరగా గుచ్చిన కానాగంత చేప కాసేపు ఈదింది. ఉన్నట్టుండి తాడు పరిగెత్తింది. వేళ్ళకి తొడుక్కున్న సైకిల్ ట్యూబు ముక్కలు వేడెక్కాయి. తెడ్డు వెయ్యకుండానే కయాక్ తనంతట తను తిరిగి, తూర్పుకి నడిచింది. ఎల్లాజీ పళ్ళు బిగించాడు.

పైడయ్య తన కయాక్‌ని పక్కకి తెచ్చాడు. మొలలోంచి ఒక ఉండ తీశాడు. ఆడవాళ్ళు కనకాంబరాలు కట్టుకునే నూలుదారం అది. కాస్త గట్టిగా లాగితే తెగిపోతుంది. దాని కొస ఎల్లాజీ కుడి మణికట్టుకి ముడేశాడు.

"ఇదేటి గురువా, ఇప్పుడు!"

"రెండో కొస నా సేతిలో ఉంటాది. ఇది తెగిందా, నాను ఎనక్కి ఎల్పోతాను. అప్పుడింక నువ్వూ, నీ సేపా."

"మరి సేపనెవులు సూసుకుంటారు?"

"దాన్ని సూసుకోడానికి అదుంది. నువ్వు దారాన్ని సూసుకో."

పైడయ్య ఉండ వదులుతూ మెల్లగా వెనక్కి తగ్గాడు.

ఎల్లాజీకి ముందు ఒళ్ళు మండిపోయింది. బతుకా చావా అన్నట్టుంటే ఈ పూలదారమేమిటి? తర్వాత భయం వేసింది. ఈ చోట గురువు వెళ్ళిపోతే? ఆ భయంతోనే చేతుల్లో దూకుడు తగ్గింది. చేప లాగితే చేతులు ముందుకిచ్చాడు. అది ఆగితే తాడుని ఒడిలోకి కొంచెం కొంచెంగా పోగేసుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆ కుదుపుకే దారం తెగుతుందేమోనని చూడలేదు. తడిసిన నూలు బరువు మణికట్టు మీద ఉందా లేదా, అదొక్కటే ధ్యాస.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. తాబేలొకటి తల పైకెత్తి చూసి మునిగిపోయింది. మధ్యలో ఒకసారి తను నిద్రపోయాననుకున్నాడు. ఆ నిద్రలో కూడా తాడు ఒడిలోకి వస్తూనే ఉంది. చేప తనని లాగుతోందో, తను చేపని లాగుతున్నాడో, ఇద్దర్నీ ఇంకెవరైనా తీసుకుపోతున్నారో అనిపించింది. చాలా హాయిగా ఉంది. ఆ హాయికి కాస్త సిగ్గు కూడా వేసింది.

కొమ్ముకోణం పక్కకొచ్చింది. వీపు మీద రెక్క ముడుచుకుని, మనిషంత పొడుగున, నీలంగా. కన్ను తిప్పి అతన్ని చూసింది. ఎల్లాజీ చెయ్యి అలవాటుగా తాడు చుట్టుకోబోయింది. మణికట్టు దగ్గర దారం బిగిసింది. చెయ్యి ఆగిపోయింది.

అతనేమీ చెయ్యలేదు. చేపే నెమ్మదిగా పక్కకి ఒరిగింది. చెయ్యి చాచి దాని మూతి పట్టుకున్నాడు. పసిపిల్ల వేలు పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకున్నాడు. తోకకి మోకు బిగించాక ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"గురువా! తెగలేదు!"

వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

దారం నీళ్ళ మీద వంకర్లు పోతూ తేలుతోంది. మెల్లగా లాక్కుంటే కొస చేతికొచ్చింది. కొసన ఏమీ లేదు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. పైడయ్య ఎప్పుడు వదిలేశాడో, ఎంతసేపటి కిందట వెళ్ళిపోయాడో!

ఇప్పుడు భయమెయ్యాలి కదా అని ఎల్లాజీ లోపల వెతుక్కున్నాడు. ఆకలి దొరికింది. డబ్బాలో చద్దన్నం తీసి తిన్నాడు. తర్వాత పొద్దు దిగే వైపు కయాక్ తిప్పి, చేపని వెనక కట్టుకుని, తెడ్డు వేశాడు.

చీకటి పడే వేళకి ఒడ్డు చేరాడు. పైడయ్య మధ్యాహ్నమే ఒంటరిగా వచ్చాడట. ఎల్లాజీ పెళ్ళాం నూకాలు అప్పటినుంచీ ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది. ఆయన ఇసకలో కూర్చుని అన్నీ వింటున్నాడు. చేపని చూడ్డానికి రేవంతా పరిగెత్తింది. ఎల్లాజీ మాత్రం తిన్నగా గురువు దగ్గరికి నడిచాడు. కాళ్ళకి దణ్ణం పెట్టి, అలాగే కూర్చుండిపోయాడు. అడగడానికి చాలా ఉన్నాయి. వాటిల్లో ఒకటే అడిగాడు.

"గురువా, రేపట్నించి ఒక్కడినే ఎల్లొచ్చా?"

పైడయ్య అతని మొహంలోకి చూశాడు.

"ఈయేళ ఎవుల్తో తిరిగొచ్చినావురా?"