సింహాసనాన్ని ఒక్క మాటా అనని లాలప్ప

"తీసేయండి దీన్ని! నాలుగోది పరచండి!" అన్నారు రాజుగారు గోక్కుంటూ.

ఏడుకోనల సంస్థానాన్ని ఏలే మల్లభూపతి గారు సభామండపంలో తివాచీ మార్చమనడం ఆ నెలలో అది మూడోసారి. నల్లులు కుట్టినప్పుడల్లా తివాచీ మారేది. తివాచీ మారిన మర్నాడే మళ్లీ నల్లులు కుట్టేవి.

ఇందులో ఇంకో చిక్కుంది. సింహాసనం మీదున్నవారు ఏం చేస్తే సభంతా అదే చేయాలని అక్కడి మర్యాద. రాజుగారు తుమ్మితే తుమ్మాలి, ఆవలిస్తే ఆవలించాలి. ఆయన గోక్కుంటే తివాచీ మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్న అరవై రెండు మందీ గోక్కునేవారు. ఎవరిని నల్లి కుట్టిందో, ఎవరిని మర్యాద కుట్టిందో తేలేది కాదు.

ఈ మర్యాదలన్నీ రాసింది శరభయ్య పంతులు, కొలువులో మర్యాదల అధికారి. రాజుగారు హాస్యమాడబోతున్నారని తెలిస్తే చాలు, ముందే నవ్వేసి సిద్ధంగా ఉండే మనిషి.

"తప్పు తివాచీలది కాదు ప్రభూ, పరిచేవాడిది," అన్నాడు పంతులు. "ఈ లాలప్పకి దులపడం చేతకాదు. ఈసారి ఏలినవారిని ఒక్క నల్లి కుట్టినా వీణ్ణి పొలిమేర దాటించాల్సిందే."

రాజుగారు తలూపారు. అరవై రెండు తలలూ ఊగాయి.

లాలప్పకి తివాచీల కొలువు దొరికి ఏడాదైనా కాలేదు. దూదేకుల ఇంట్లో, పరుపులు కుట్టే చేతుల మధ్య పెరిగినవాడు. నల్లి కాపురం ఎక్కడ పెడుతుందో అతనికి తెలుసు. చెక్క కీళ్ల సందుల్లో, దిండ్ల కుట్లలో. రోజూ దులిపే తివాచీ దానికి దారే కానీ ఇల్లు కాదు. తీసేసిన తివాచీలు ఎండలో తిరగేసి జానెడు జానెడూ వెతికాడు. ఒక్క గుడ్డు కూడా కనిపించలేదు.

పైగా లెక్కపెట్టాడు. నిన్న ఒక్క గంటలో రాజుగారు నలభై ఒక్కసార్లు గోక్కున్నారు. నలభైసార్లు ఆసనం తగిలే చోట. మిగిలిన ఒక్కసారీ బుర్ర, అది ఆలోచన వల్ల. ఆయన వేటకెళ్లిన రెండు రోజులూ సభలో గోక్కున్నవాళ్లు సున్నా.

అంటే నల్లులున్నది సింహాసనంలో. కానీ ఆ మాట అనేదెలా? పంతులు రాసిన మర్యాదల్లో పదిహేడోది, సింహాసనాన్ని నిందించిన నాలుక కోసేయాలని.

లాలప్పకున్నది ఒక్కటే నాలుక.

నాలుగో తివాచీ పరిచి, అంచులు సర్ది, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఒక్క మనవి. ఈ మండపంలో నల్లి చేరని చోటు ఒక్కటైనా ఉందంటారా?"

"సింహాసనం!" అన్నాడు పంతులు చటుక్కున. "పద్దెనిమిది తరాల సింహాసనంరా అది. నల్లి దాని దరిదాపులకు రాగలదా?"

"నేనూ అదే అంటున్నా పంతులుగారూ. మరి తివాచీలోనే ఉంటే తివాచీ మీద కూర్చున్నవారికే తెలియాలి. ఏలినవారు ఒక్క అరగంట కింద కూర్చుంటే నా తప్పు అక్కడే బయటపడుతుంది. ఆ కాసేపూ సింహాసనం ఖాళీగా ఉండకూడదు గనక, దానిమీద ఇంత నమ్మకమున్న పెద్దమనిషి ఎవరైనా..."

రాజుగారికి ముచ్చటేసింది. "శరభయ్యా, నువ్వెక్కి కూర్చో."

పంతులు మొహం వెలిగిపోయింది. వద్దు వద్దంటూనే రెండు మెట్లూ ఒక్క అంగలో ఎక్కేశాడు.

"చిన్న సందేహం," అన్నాడు లాలప్ప. "ఈ అరగంటా సభ ఎవరిని చూసి నడుచుకోవాలి?"

"సింహాసనం మీదున్నవారిని!" అన్నాడు పంతులు మీసం దువ్వుతూ.

మీసాలున్నవాళ్లందరూ మీసాలు దువ్వారు.

కాసేపటికి పంతులు ఎడమకు ఒరిగాడు. సభ ఎడమకు ఒరిగింది. కుడితొడ పైకెత్తాడు. అరవై రెండు కుడితొడలు లేచాయి. పళ్లు బిగించాడు. సభంతా పళ్లు బిగించింది. గోక్కుంటే సింహాసనాన్ని నిందించినట్టేనని ఆయనకు తెలుసు, రాసింది ఆయనే మరి.

"ఏమిటయ్యా ఆ మెలికలు?" అన్నారు రాజుగారు కింద హాయిగా కాళ్లు చాపుకుని.

"భక్తి ప్రభూ! ఒళ్లు పులకరిస్తోంది!"

"నాకిక్కడ ఏ పులకరింతా లేదే!"

అప్పుడు పంతులు "చచ్చాన్రా నాయనో!" అని ఎగిరి దూకాడు. వెనకే అరవై రెండు మంది "చచ్చాన్రా నాయనో!" అని ఎగిరారు. పంతులు పంచె కుచ్చెళ్లలోంచి కందిబద్దంత నల్లి ఒకటి తివాచీ మీద రాలింది.

"చూశారా ప్రభూ! తివాచీ నల్లే! నామీదికి పాకింది!"

లాలప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అలాగే కానీండి పంతులుగారూ. దాని దారిన దాన్ని పోనిద్దాం."

నల్లి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎటూ తిరగకుండా మెట్లెక్కి, సింహాసనం కోడు పట్టుకుని పాకి, చెక్కిన సింహం నోట్లో దూరి మాయమైంది.

రాజుగారు లాలప్ప వైపు చూశారు. లాలప్ప చేతులు జోడించాడు.

"సింహాసనాన్ని నేను ఒక్క మాటా అనలేదు ప్రభూ. తన ఇల్లు నల్లే చూపించుకుంది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. సింహాసనం మీద ఎవరూ లేరు గనక సభ తనంతట తానే నవ్వింది, ఎన్నో ఏళ్ల తర్వాత.

అప్పటికప్పుడే సింహాసనాన్ని పెరట్లోకి మోయించారు. కీలు కీలుకీ మరిగే నీళ్లు పోయించి, దిండ్లు ఉడకబెట్టించి, వారం రోజులు ఎండలో ఉంచమన్నారు. తన చేతి బంగారు కడియం తీసి లాలప్పకు తొడిగారు.

"శరభయ్యా, వారం తర్వాత రోజూ పొద్దున్నే ముందు ఒక గంట నువ్వు కూర్చుని చూడు. నీకు పులకరింత లేదంటేనే నేను కూర్చుంటాను. ఇకపోతే సభికులారా, ఈరోజు నుంచి ఎవరి దురద వాళ్లే గోక్కోవచ్చు!"