పొగడ చెట్టుకు అభయం

తూర్పు కొండల అంచున ఒకానొక రాజ్యాన్ని ప్రచండసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన కొలువులో గట్టిగా దగ్గడానికి కూడా జనం జంకేవారు.

ఒక ఏడు ఆయన పాత కోటను పడగొట్టించి, అక్కడే కొత్త సభామండపం కట్టించబూనాడు. ఆ కోట పెరట్లో ముత్తాతల నాటి పొగడ చెట్టు ఉంది. రాళ్ళు మోసే ఆడకూలీలు దాని కొమ్మలకే ఉయ్యాలలు కట్టి పసిబిడ్డలను పడుకోబెట్టేవారు.

"ఆ చెట్టు అడ్డం. కొట్టించండి" అన్నాడు రాజు.

"ప్రభూ, మండపాన్ని కాస్త పక్కకు జరిపితే చెట్టు దక్కుతుంది" అన్నాడు మేస్త్రి ఓబన్న.

ఆ ఒక్క మాటకే అతణ్ణి చెరసాలలో వేయించి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని గర్జించాడు రాజు.

కొలువులోని విదూషకుడు చెన్నమల్లు లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి.

"మహాప్రభూ, భయమేస్తోంది. ముందు అభయం ఇప్పించండి."

అతని వణుకు చూసి రాజు మురిసిపోయాడు. భుజం మీది పట్టుశాలువా తీసి విసిరాడు.

"ఇదుగో! ఇది కప్పుకున్న ప్రాణి మీద చెయ్యెత్తినవాడి చెయ్యి నరికిస్తాను. నా ఆన!"

చెన్నమల్లు శాలువాను కళ్ళకద్దుకుని, ఒక్క పరుగున పెరట్లోకి వెళ్ళాడు. అప్పటికే గొడ్డళ్ళు లేచాయి. తల్లులు బిడ్డలను గుండెకు హత్తుకుని దూరంగా నిలబడి ఏడుస్తున్నారు. అతను శాలువాను చెట్టు మొదలుకు చుట్టేసి, రాజుగారి ఆన వినిపించాడు. గొడ్డళ్ళు లేచినవి లేచినట్టే ఆగిపోయాయి.

సంగతి తెలిసి రాజు కత్తి దూసుకుంటూ వచ్చాడు.

"అభయం ఇచ్చింది నీకురా!"

"ప్రాణి అని సెలవిచ్చారు ప్రభూ. చెట్టుకూ ప్రాణముంది కదా!"

"మరి ఇప్పుడు నీకు అభయమేదీ?" కత్తిమొన చెన్నమల్లు మెడకు తగిలింది.

"లేదు ప్రభూ. అందుకే వణుకుతున్నాను."

"అంత పిరికివాడివి, శాలువా నువ్వే ఉంచుకోకపోయావా?"

"నాకు కాళ్ళున్నాయి ప్రభూ, భయమేస్తే పరిగెత్తగలను. పాపం, ఈ చెట్టు ఎక్కడికి పరిగెడుతుంది?"

రాజు చెట్టును చూశాడు, చెన్నమల్లును చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. కత్తి ఒరలోకి వెళ్ళింది.

ఓబన్నను విడిపించారు. మండపం పక్కకు జరిగింది. కొమ్మలు పరుచుకున్నంత మేరా దడి కట్టించి, లోపల ఒక్క రాయి కూడా పడకూడదని రాజు ఆజ్ఞాపించాడు. తన చేతి బంగారు కడియం తీసి చెన్నమల్లుకు తొడిగాడు.

ఆ చెయ్యి వణుకు మాత్రం పొద్దుగూకే దాకా తగ్గలేదట.