తనంతట తానే రాసిన బోర్డు

“మీరన్నా! ఓ మీరన్నా! బోర్డు దానంతటదే రాస్తాంది, బిన్నా పరిగెత్తి రా!”

బడి గుమ్మంలోంచి పిల్లలు అరుస్తున్నారు. దర్గా ముంగిట నీళ్ళు చల్లుతున్న మీరావలి చేతిలో చెంబు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

గోడకు ఎత్తుగా బిగించిన పెద్ద బోర్డు వెలుగుతోంది. దాని దగ్గర ఎవరూ లేరు. ఎవరి వేలూ తగలడం లేదు. అయినా ఆ నల్లటి అద్దం మీద ఒక తెల్లని గీత పుట్టింది. వంపు తిరిగింది. ఆగింది. మళ్ళీ కొంచెం కిందికి జారి, నెలవంకలాగా ఒంగి, పక్కన ఒక చుక్క పెట్టింది.

మీరావలి ఒళ్ళు జలదరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“యా ఔలియా!” అన్నాడు. 

ఊరి పైన గుట్ట మీది ఆ దర్గాలో ఔలియా అని అందరూ కొలిచే సూఫీ మహాత్ముడి సమాధి ఉంది. పక్కనే నాపరాళ్ళ కప్పు వేసిన చిన్న బడి. కింది ఊళ్ళ పిల్లలు, ఏ కులం వాళ్ళైనా, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళైనా, చాపల మీద కూర్చుని అక్కడే చదువుకుంటారు. బడి నడిపేది ఖాసిం బాబా. మీరావలి ఆయన శిష్యుడు. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టాడు. దూది ఎగిరితే అందులో మబ్బులు చూసేవాడు, మబ్బులు చూస్తూ పని మరిచేవాడు. ఇంట్లోవాళ్ళు విసిగి, “వీణ్ణి నువ్వే ఉంచుకో బాబా” అని తెచ్చి గుట్ట మీద వదిలారు.

పప్పుల మిల్లు రంగయ్యశెట్టి, వేలితో రాసే బోర్డు ఒకటి బడికి ఇస్తానని మొక్కుకున్నాడు. కర్నూలు నుంచి కంపెనీ మనిషి వచ్చి రెండు రకాలు పెట్టిపోయాడు. “రెండూ వాడి చూడండి. గురువారం వస్తా. ఒకటి ఉంచుకోండి, ఒకటి తీసుకుపోతా” అన్నాడు.

చిన్నది చక్రాల స్టాండు మీద ఉంటుంది. కింద మీట నొక్కితే పిల్లల ఛాతీ దాకా దిగుతుంది. కరెంటు పోయినా కాసేపు నడుస్తుంది. చూడడానికి మాత్రం టీ అంగట్లో టీవీ మాదిరి ఉంటుంది.

పెద్దది గోడకు బిగించాలి. దగ్గరుండి బిగించుకున్నది మీరావలే. ఎంత దూరం నుంచి చూసినా కనబడాలని చాలా ఎత్తుగా పెట్టించాడు. “ఇంకొంచెం దించుదాం అన్నా, పిల్లలకు అందదు” అని కంపెనీ మనిషి అంటే కూడా వినలేదు. మొదటిసారి దాన్ని వెలిగించినప్పుడు అందులో ఆకాశం కనబడింది. లెక్కలేనన్ని చుక్కలు, ఊదారంగు పొగలు, పాలపుంత. ఆ వెలుగు నేల మీది బండలపైన, చాపలపైన, మీరావలి చొక్కాపైన పడింది. అతను తన చేతులు తాను చూసుకున్నాడు. అవి వేరే ఎవరివో అనిపించాయి.

ఆ రోజు నుంచీ అతనికి ఒకటే ఊహ. ఏటా దర్గాలో జరిగే ఉరుసు పండక్కి జనమంతా వస్తారు. తను ఆ చుక్కల ముందర నిలబడి ఉంటాడు. చెయ్యి ఎత్తితే గ్రహాలు కదులుతాయి.

“ఏది ఉంచుకుందాం బాబా?” అని అడిగాడు.

“పిల్లలకు చెప్పేది నువ్వు. నువ్వే చూసి చెప్పు” అన్నారు బాబా.

పెద్దది అనాలని నాలుక చివరి దాకా వచ్చేది. ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలో తోచేది కాదు. ఏ కారణం వెతికినా అది పోయి చిన్న బోర్డు వైపే నిలబడేది. అట్లా గురువారం వచ్చేసింది. ఇక తన వల్ల కాదని, ఔలియానే అడుగుదామనుకున్నాడు.

ఆ గుట్ట మీద ఒక వాడుక ఉంది. కొత్త నాగలైనా, ట్రాక్టరైనా, కుట్టుమిషనైనా సమాధి దగ్గర గంధం పెట్టించుకోవాల్సిందే. అయితే కొన్న రోజున కాదు. ఒక సాలు దున్ని, ఒక రవిక కుట్టి, అప్పుడు తెస్తారు. కొత్త మోటారుబండిని మెరుస్తుండగానే తెచ్చిన వాళ్ళను బాబా తిప్పి పంపేవారు. “పని చెయ్యని దానికి గంధం ఎందుకప్పా? ముందు దాన్ని ఎవరికైనా పనికి రానీ.”

మీరావలి ఆ పొద్దున, తెల్లవారగానే, ఆ వాడుక దాటాడు. సమాధి దగ్గరి గిన్నెలోంచి గంధం తీసుకున్నాడు. తొందరలో అందులో గులాబీ నీళ్ళు ఎక్కువ పోశాడు. స్టూలు ఎక్కి, పెద్ద బోర్డు చుట్టూ ఉన్న నల్లటి అంచుకు పైన వేళ్ళతో అద్దాడు. “నీకు ఏది ఇష్టమో చూపించు సామీ” అని మొక్కుకుని, బోర్డు వెలిగించి, నీళ్ళు చల్లడానికి పోయాడు.

ఇప్పుడు ఇదిగో, బోర్డు రాస్తోంది.

గురువారం కాబట్టి దర్గాకు వచ్చిన జనం అప్పటికే బడి గుమ్మం దగ్గర మూగారు. రంగయ్యశెట్టి చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. నరసమ్మవ్వ కొంగు తల మీదికి లాక్కుంది.

“అవి అరబ్బీ అచ్చరాలు కాదంట్రా?” అంది అవ్వ.

“నీకు తెలుగచ్చరాలే రావు గదవ్వా, అరబ్బీ యాడ తెలిసె?” అన్నారెవరో వెనకనుంచి.

“రాకపోతే ఏమి? ఔలియా చేతిరాత నాకు తెలీదా?”

నవ్వబోయినవాళ్ళు నవ్వలేదు. గీత మళ్ళీ కదిలింది. అందరూ ఒక్కసారి ఊపిరి బిగపట్టారు. 

మీరావలి ఆ గీతను కళ్ళార్పకుండా చూస్తూ ఇంకొంచెం ముందుకు వెళ్ళాడు. దగ్గరికి వెళ్ళాక అసలు సంగతి కనబడింది.

పలచటి గంధం అంచు మీద సన్నగా జారుతోంది. అది జారినప్పుడల్లా గీత జారుతోంది. అది ఆగితే గీత ఆగుతోంది.

కంపెనీ మనిషి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. “ఈ అంచుల్లోంచి కంటికి కనబడని కాంతి అటూ ఇటూ పోతుంటాది. వేలు అడ్డం పడితే అక్కడ గీత పడతాది. అంచుకు దుమ్ము కూడా తగలనీయొద్దు.” ఆ రోజు మీరావలి ‘కంటికి కనబడని కాంతి’ దాకా విన్నాడు. ఆ మాట దగ్గరే మనసు ఎక్కడికో ఎగిరిపోయింది. మిగతాది చెవుల్లో పడింది గాని లోపలికి దిగలేదు. ఇప్పుడు దిగింది.

చెబుదామని వెనక్కి తిరిగాడు.

రంగయ్యశెట్టి రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. బోర్డుకు కాదు. అతనికి.

“నీ చేతి మీదుగా జరిగింది నాయనా. ఇంక అడిగేదేముంది? ఔలియానే చెప్పినాక ఈ పెద్దదే ఉండనీ.”

మీరావలి నోరు తెరిచాడు. జనమంతా అతన్నే చూస్తున్నారు. పుట్టినప్పటినుంచీ తనను అట్లా ఎవరూ చూడలేదు. బోర్డు వెలుగు పక్కనుంచి ముఖం మీద పడుతోంది.

నోరు మూసుకున్నాడు.

“దోవ ఇడవండప్పా, బాబా వస్తాండాడు” అన్నారు బయట.

ఖాసిం బాబా చేతికర్రతో మెల్లగా లోపలికి వచ్చారు. జనాన్ని చూశారు. బోర్డును చూశారు. చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు, కోపమూ లేదు.

“ఔలియా రాసినాడు బాబా!” అంది నరసమ్మవ్వ.

“అట్నా?” అన్నారు బాబా. మీరావలి వైపు తిరిగారు. “ఏం రాసినాడు నాయనా? చదువు, విందాం.”

మీరావలి తల వంచుకున్నాడు. “నాకు... తెలీదు బాబా.”

“సరే.”

 బాబా చాపల మీద కూర్చున్న పిల్లల వైపు చూశారు. ఆ వరసలో చివర మాబున్ని ఉంది. బడిలో అందరికన్నా చిన్నది. పలక మీద ‘అ’ దిద్దితే అక్షరం తిరగబడి పడుకునేది. పిల్లలు నవ్వుతారని రాసింది చేత్తో మూసుకునేది. రెండు రోజులుగా మాత్రం చిన్న బోర్డు మీద వేలితో ఏవేవో గీస్తూ, చెరిపేస్తూ, తనలో తాను మాట్లాడుకుంటూ ఉండేది.

“మాబున్నీ, నువ్వు రాస్తావా తల్లీ?”

మాబున్ని లేచి పెద్ద బోర్డు దగ్గరికి వచ్చింది. “ముట్టుకోవద్దే! మైల పడతాది!” అని అవ్వ కేక వేసింది. పిల్ల భయపడి ఆగిపోయింది. బాబా రమ్మన్నట్టు చెయ్యి ఊపారు. మళ్ళీ వచ్చింది. మునివేళ్ళ మీద లేచి, చెయ్యి సాచింది. వేలికీ బోర్డుకీ మధ్య ఇంకా గోడే ఉంది.

“అందదు బాబా.”

బాబా కర్రను గోడకు ఆనించారు.

మోకాళ్ళ నొప్పులతో ఆయన నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేస్తారు. అది గుట్ట మీద అందరికీ తెలుసు. ఆ మోకాళ్ళు ఒకటి ఒకటిగా బండ మీద ఆనాయి. తర్వాత రెండు అరచేతులూ. తెల్లటి తలపాగా కిందికి వంగింది. బోర్డు కింద ఆయన ఒక పీటలాగా అయ్యారు.

“ఎక్కు” అన్నారు.

ఎవరూ కదల్లేదు. రంగయ్యశెట్టి జోడించిన చేతులు విడిపోయాయి. నరసమ్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతవరకూ బోర్డును చూస్తున్న కళ్ళన్నీ నేలకు దిగాయి.

 మీరావలి చిన్నప్పుడు ఉరుసులో ఏనుగును చూశాడు. మొన్న బోర్డులో పాలపుంతను చూశాడు. ఇంత పెద్దదాన్ని మాత్రం అతను ఎప్పుడూ చూడలేదు.

మాబున్ని పాదాలు లంగాకు తుడుచుకుంది. బాబా వీపు మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. గోడ పట్టుకుని నిలబడింది. వేలు అద్దానికి తగిలింది.

దిద్దింది.

ఏమీ పడలేదు.

మళ్ళీ గట్టిగా దిద్దింది. పైన ఆ వంకర గీత తన పాటికి తాను జారుతూనే ఉంది. పిల్ల వేలి కింద నల్లటి అద్దం నల్లగానే ఉంది. చెయ్యంతా ఆనించి చూసింది. ఎడమ చేత్తో చూసింది.

అప్పుడు కిందికి చూసి, చాలా మెల్లగా అడిగింది.

“ఔలియా రాస్తే రాస్తాంది. నేను రాస్తే రాయడంలే. నాకు ఈడ గూడ రాదా బాబా?”

 “ఉండు తల్లీ, ఇంకొంచెం సేపు చూద్దాం” అన్నారు బాబా. ఆయన అరచేతులు బండ మీద సన్నగా వణుకుతున్నాయి.

మీరావలి ఆ చేతులను చూశాడు. మాబున్ని ముఖం చూశాడు. ఆ పిల్ల తన వేలిని మరో చేత్తో మూసుకుంటోంది.

బయట గుట్ట కింద కంపెనీ వ్యాను హారన్ వినబడింది.

మీరావలి ముందుకు వచ్చాడు. బాబా పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చేతులు నేలకు ఆనించాడు. మాబున్ని ఒక్కో కాలే ఇటు మార్చుకుంది. పిల్ల బరువు అతని వీపు మీదికి వచ్చింది. దూది మూట కన్నా తక్కువ. అయినా మోయలేననిపించింది.

బాబా గోడ పట్టుకుని లేచారు. 

తల పైకెత్తకుండానే మీరావలి మాట్లాడాడు.  ఆ గొంతు గుమ్మం బయట ఉన్నవాళ్ళకు కూడా వినబడింది.

“నీకు రాక కాదు మాబున్నీ. ఔలియా ఏమీ రాయలేదు. పైన అంచుకు గంధం పూసింది నేను. అది జారతా ఉంటే గీత పడతాంది, నీ వేలిని రానీయడంలే. నేను చూస్తి, నాకు తెలిసిపోయింది, తెలిసి కూడా చెప్పలే. మీకు పనికొస్తాదని కాదు నేను దీన్ని కోరుకుండేది. దీని ముందర నేను నిలబడాలని.”