లిచీ గింజకు కాపలా

చంద్రి ముసలి గేదె. పాలు ఎండిపోయి రెండేళ్ళయింది, మోకాళ్ళు పట్టేశాయి, ఎండుగడ్డి నమిలి నమిలి నోరు చవి చచ్చింది. ఇప్పుడు దాని పనల్లా కోళ్ళగూటి గుమ్మానికి అడ్డంగా పడుకోవడమే. లోపల నల్లపెట్ట పదకొండు గుడ్లు పొదుగుతోంది. బయట నక్క చొంగ కార్చుకుంటోంది.

ఆ రోజు పొద్దున్నే చంద్రి పెట్టకు చెప్పేసింది, ఇక తనవల్ల కాదని, రేపటి నుంచి కాలువ గట్టున చల్లగా పడుంటానని. పాపం, పెట్ట గుడ్ల మీదే తల వాల్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈ సంగతి నక్కకు తెలీదు. తెలిస్తే ఒక్కరోజు నోరు మూసుకుని కూర్చునేది. యజమాని పిల్లలు ఉమ్మేసిన లిచీ గింజనొకదాన్ని, మనం బీరగింజల్ని దాచినట్టే, బూడిదలో పొర్లించి అప్పటికే పది రోజులుగా ఎండబెట్టి ఉంచింది. అలా ఎండితే లిచీ గింజ చస్తుందని దానికి తెలుసు. మొలవని గింజ దగ్గర ముసలిది ఎన్నాళ్ళయినా కూర్చుంటుందని దాని ఎత్తు.

“అత్తా, దీన్ని కాలువ గట్టున పాతు. మూడేళ్ళలో తేనెలాంటి పళ్ళు. కానీ పొద్దు గూకేలోపు పాతాలి, మేక నోరు పడకుండా పక్కనే కూర్చోవాలి,” అంది నక్క ఆ సాయంత్రం, గింజను చంద్రి ముందు పెట్టి.

తేనె అనగానే చంద్రి నోట్లో నీళ్ళూరాయి. లేచింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పొద్దు గూకేలోపు కాలువ చేరడం దానివల్ల అయ్యే పని కాదు. వెనక్కొచ్చి, కుడితి తొట్టి పొర్లి తడిసిన గుమ్మం ముందు మట్టిలోనే గింజను గిట్టతో తొక్కి, పక్కనే కూలబడింది.

ఇక కదిలితే ఒట్టు. మేకను కసిరింది, బాతుల్ని కసిరింది. నక్క వస్తే, నీ పుణ్యమే నాయనా, కానీ అటు జరుగు, మొలక తొక్కేస్తావు అని కొమ్ము చూపింది.

మూడు వారాలకు గుడ్లు పగిలాయి. మరో రెండు నెలలకు పిల్లలు ఎగిరి పాక కప్పెక్కాయి. గింజ మాత్రం మొలవలేదు.

నక్కకు ఒళ్ళు మండింది. “అది చచ్చిన గింజే, ముసలిదానా. నేనే చంపి ఇచ్చాను.”

చంద్రికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఏడుస్తూనే అంది: “నువ్వా గింజ తేకపోతే మర్నాడే వెళ్ళిపోయేదాన్ని నాయనా. పెట్టకు చెప్పేశాను కూడా.”

నక్క కప్పు వైపు చూసింది. పదకొండూ ఉన్నాయి. చంద్రి మెల్లగా లేచి కాలువ దారి పట్టింది.

మోసానికైనా సరే, అలసినవాళ్ళకు ఆశ పెడితే వాళ్ళకు ఓపిక వస్తుంది.