గేటు దగ్గర చోనా పిలుపు

ఊ కొడుతూ వినండి. ఎప్పటి మాటో చెప్పలేను. పొగ పట్టి పట్టి కొండే నల్లబడిపోయిన కాలం. సముద్రాల అవతల, మెక్సికో దేశంలో ఒక ఉక్కు ఊరు. ఊరంటే ఏముంది? ఒక కొలిమి, దాని చుట్టూ గోడ, గోడకి ఆనుకుని రేకుల ఇళ్ళు.

ఆ కొలిమి ఆరకూడదు. అందుకని దాని మీద పనిచేసే మగాళ్ళని బయటికి వదిలేవాళ్ళు కాదు. తినడం గోడ లోపలే, పడుకోవడం గోడ లోపలే. ఏడాదికొక్కసారి, పోయినవాళ్ళ పండగనాడు మాత్రం గేటు తెరిచి వంతులవారీగా ఇళ్ళకి పంపేవాళ్ళు. ఆ రోజు ఇంటింటా పీట వేస్తారు. బంతిపూలు పరిచి, నీళ్ళూ ఉప్పూ పెట్టి, పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండుతారు. పూల వాసన పట్టుకుని వాళ్ళు ఇల్లు చేరతారని నమ్మకం.

ఆ ఊళ్ళో చోనా అని ఒకతె ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఎవరి బిడ్డో ఆమెకే తెలీదు. ఇల్లిల్లూ తిరిగి కూడు మూటలు గంపకెత్తుకునేది. మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు గింజలు, మిరపకాయ పచ్చడి. మధ్యాహ్నం కొలిమి కూత కూసే వేళకి గేటు దగ్గర గంప దించి, ఊచల్లోంచి ఒక్కో మూటా అందిస్తూ పిలిచేది.

"నికనోరూ! నీ కూడొచ్చింది!"

"ఉన్నా!"

అదీ పద్ధతి. ఆమె పిలవాలి, అవతలివాడు ఉన్నా అనాలి, అప్పుడే మూట చెయ్యి మారాలి. తిన్నాక ఖాళీ గుడ్డలు మళ్ళీ ఇళ్ళకి చేర్చేది.

"ఏమే చోనా, మూట తేలిగ్గా ఉందేం? దారిలో రుచి చూశావా?" అనేవాడు ముసలి నికనోర్.

"చూశాన్లే మావా. ఈ వంట తిని ఇన్నేళ్ళు ఎట్టా బతికావో అని ఏడుపొచ్చింది."

ఊచలకి అవతల నల్లటి మొహాలన్నీ నవ్వేవి.

గేటుకి అన్నిటికంటే దగ్గరి ఇల్లు ఎవారిస్తా ముసలమ్మది. మోకాళ్ళు పట్టేసి గడప దాటలేని మనిషి. ఒక్కడే కొడుకు, ఫెర్మీన్, కొలిమి మీద పని. గడపలో కూచుంటే చోనా పిలుపు వినబడేది. కొడుకు పలికే మాట మాత్రం కొలిమి రొదలో కలిసిపోయేది. అయినా ఆ పిలుపు విన్నాకే, "నా బిడ్డ తింటున్నాడు" అనుకుని తను రొట్టె తుంచేది.

ఒకనాడు చోనా పిలిచింది.

"ఫెర్మీనూ! నీ కూడొచ్చింది!"

పలుకు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు. మూడోసారి పిలిచేసరికి మగాళ్ళంతా తలలు దించుకున్నారు. మేస్త్రీ గబగబా వచ్చాడు.

"వాడు లేడు. ఉత్తరాన నది దాటి పారిపోయాడు. ఇక్కడెవరికీ ఏమీ కాలేదు. తెలిసిందా?"

చోనా నికనోర్ వైపు చూసింది. నికనోర్ కొలిమి వైపు చూశాడు. ఉత్త చేతులు చాపి చూపించాడు. తెలిసింది. కరిగిన ఉక్కులో పడ్డవాడికి పాతిపెట్టడానికి శవమెక్కడిది?

తల్లికి చెబుదామని వెళ్ళింది.

"తిన్నాడా నా బిడ్డ?" అంది ఎవారిస్తా.

"తిన్నాడు పెద్దమ్మా." గంపలోనే మూట విప్పి, ఉత్త గుడ్డ చేతికిచ్చింది.

రెండోనాడు వెళ్ళింది. "పచ్చడి మరీ కారమైందేమో పిల్లా?"

"నీళ్ళు తాగుతూ తిన్నాడు పెద్దమ్మా."

మూడోనాడు చెప్పేద్దామని నోరు తెరిచింది. ముసలమ్మ అప్పటికే పిండి చేతిలోకి తీసుకుని, రేపటి రొట్టె తడుతోంది. ఆ చప్పుడు వింటూ చోనా నోరు మూసుకుంది.

ఇంక రోజూ ఫెర్మీన్ పేరు పిలిచింది. మేస్త్రీ తిట్టాడు, పిలిచింది. కాపలావాడు గంప తన్నాడు, రొట్టెలకంటిన మట్టి దులిపి పిలిచింది. తర్వాత ఆ మూట పట్టుకుని గోడ చాటుకి పోయేది. నిండు మూట తిరిగి తీసుకెళ్తే తల్లికి తెలిసిపోదూ? అందుకని తినేది. పుట్టాక కడుపునిండా తినడం అదే మొదలు ఆమెకి. అంత ఏడుపులోనూ ఆ రొట్టె రుచిగా ఉండేది. సిగ్గంతా అదే. ఖాళీ గుడ్డ మడిచి, తీసుకెళ్ళి ఇచ్చేది.

పండగ రానే వచ్చింది. మగాళ్ళు బయటికొచ్చే రోజు. ఇంక దాచడానికి లేదు. చోనా బంతిపూలు పట్టుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ ఎవారిస్తా ఇంటికి వెళ్ళింది.

అక్కడ పీట వేసే ఉంది. నీళ్ళు, ఉప్పు, కొవ్వొత్తి. పీట మీద ఫెర్మీన్ చొక్కా.

"పెద్దమ్మా... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. వాడు తిన్న గుడ్డకి ఇనుము వాసన వస్తుందే. ఆ రోజు నీ గంప వాసనే వచ్చింది."

చోనా పూలు పీట మీద పెట్టి, పక్కనే కూచుంది. "నీ కొడుకు కూడు నేను తిన్నాను. తెలిసీ రోజూ ఎందుకు వండావు?"

"తెలుసని చెబితే నువ్వు పిలవడం మానేస్తావని. వాడికి గోరీ లేదు. పేరు పిలిచేవాళ్ళు కూడా లేకపోతే ఏ దారిన ఇంటికొస్తాడు?" ముసలమ్మ చోనా చెయ్యి తడిమింది. "ఎముకలే ఉన్నాయి నీకు. ఎవరో ఒకరు తినాలిగా. లే, నన్ను గేటు దగ్గరికి తీసుకుపో. ఇవాళ వాడు పలకడం నేను వినాలి."

ముసలమ్మని వీపున మోసుకెళ్ళింది చోనా. గేటు బార్లా తెరిచి ఉంది. మగాళ్ళు బయటికొస్తున్నారు.

"ఫెర్మీనూ! నీ కూడొచ్చింది!"

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ఫెర్మీనూ! నీ కూడొచ్చింది!"

"ఆ పేరుగలవాడు ఇక్కడెప్పుడూ లేడు!" అని అరిచాడు మేస్త్రీ.

"ఫెర్మీనూ! నీ కూడొచ్చింది!"

ముసలి నికనోర్ టోపీ తీశాడు.

"ఉన్నా!"

పక్కవాడు, "ఉన్నా!" వెనకున్నవాడు, "ఉన్నా!" లోపల కొలిమి దగ్గర మిగిలిపోయినవాళ్ళు కూడా, "ఉన్నా!" ఆ ఒక్కసారి కొలిమి రొద మనుషుల గొంతుల కింద అణిగిపోయింది.

"వాడి గొంతే," అంది ఎవారిస్తా, చోనా భుజమ్మీద తల వాల్చి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు చోనా గంప మోసింది. కొలిమి మింగినవాళ్ళ పేర్లన్నీ పిలిచింది. ఒక చలికాలం మధ్యాహ్నం కూత కూసింది, గంప రాలేదు. వెళ్ళి చూస్తే చాప మీద ముడుచుకుని, చల్లబడిపోయి ఉంది. ఆమెకి పీట వేయడానికి ఎవరూ లేరు. ఆమెకేం ఇష్టమో ఎవరికీ తెలీదు. అప్పుడు ఊచల లోపలినుంచి ఎవరో పిలిచారు.

"చోనా! నీ కూడొచ్చింది!"

గోడకి ఇటూ అటూ, ఊరు ఊరంతా పలికింది.

ఆ కొలిమి ఎప్పుడో చల్లారింది. గోడ కూలింది. గేటు ఒక్కటే మిగిలింది. పోయినవాళ్ళ పండగనాడు జనం ఇప్పటికీ అక్కడ చేరి తమవాళ్ళ పేర్లు పిలుస్తారు. ఎవరి పేరుకైనా సరే, అందరూ ఉన్నా అంటారు. ఊచలకి రొట్టెల మూటలు కడతారు. ఆకలితో వచ్చినవాళ్ళు ఎవరైనా విప్పుకు తినొచ్చు. ఎవరైనా సిగ్గుపడి వెనకాడితే ఆ ఊరివాళ్ళు ఊరుకోరు.

"తిను తల్లీ, కడుపునిండా తిను. పేరు మేం పిలుస్తాంలే," అంటారు.