ఎర్ర సున్నాలు

కూర్మారావు మాస్టారిని ప్రశ్న అడగదలచుకున్నవాళ్లు ముందు తమ చెప్పులు సరిచూసుకోవాలని పలాస చుట్టుపక్కల పిట్టలు చూసేవాళ్లలో ఒక మాట ఉంది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఆయన అందరిలాగే నోటితో పాఠం చెప్పారు. రిటైరయ్యాక మాత్రం ఎవరేం అడిగినా "పద, నడుద్దాం" అనడమే. నడిచి వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి పిక్కల నొప్పి మిగిలేది. ఆ రెండూ ఒకేసారి వచ్చినవాళ్లలో హైమవతి ఒకతె.

ఆమె ఆయన దగ్గర కాలేజీలో చదువుకోలేదు. పెళ్లయి ఈ ఊరు వచ్చాక, బైనాక్యులర్ కంటికి ఆనించుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయన వెంట తిరిగే నేర్చుకుంది. ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం చేసుకుంటూనే ఫోన్లో 'పిట్టల కబురు' అని ఒక గ్రూపు పెట్టి, ఆరేళ్లలో వేలమందిని పోగుచేసింది. దానికి నియమాలు చాలానే ఉన్నా, ప్రాణంలాంటిది ఒకటే: గూటి ఫోటో పెట్టకూడదు, గూడున్న చోటు చెప్పకూడదు. కిందటి వేసవిలో ఎవరో చెప్పిన ఆనవాలు పట్టుకుని కెమెరాలవాళ్లు ఒక గూటి మీద పడ్డారు. ఫోటోకి అడ్డమని చుట్టూ ఉన్న ఆకులన్నీ తుంచేశారు. నీడ పోయి, ఎండకి పిల్లలు మాడిపోయాయి. వాటిని గూటిలోంచి తీసింది హైమవతే. అప్పటినుంచి ఆ నియమం విషయంలో ఆమె కన్నతండ్రినైనా లెక్కచెయ్యదు.

అలాంటి గ్రూపులో తవిటినాయుడనే కొత్త సభ్యుడు తోకపిగిలిపిట్ట గూడు ఫోటో పెట్టాడు. అతను టైలరు. చేరి నాలుగు రోజులు కాలేదు. నియమాలన్నీ చదివి చేరేవాళ్లు లోకంలో ఎందరుంటారు గనుక? జీడితోటలో చేతికందే కొమ్మ మీద గిన్నెలాంటి చిన్న గూడు. అందులో మగపిట్ట పొదుగుతూ కూర్చుంది. దాని తెల్లటి తోక రిబ్బనులాగా గూటి అంచు మీంచి కిందికి వేలాడుతోంది. "మా తోటలోకి సుట్టాలొచ్చినారు" అని కింద సంబరంగా రాసుకున్నాడు, పాపం.

హైమవతికి ఒళ్లు మండింది. ఊరికే తీసెయ్యమంటే నలుగురికీ బుద్ధి రాదనుకుంది. ఆ ఫోటోనే తన ఫోన్లోకి తీసుకుని, తప్పు కనిపించిన చోటల్లా ఎర్ర సున్నాలు చుట్టింది. నాయుడి పేరు రాసి, "ఇలా చెయ్యకూడదు" అని శీర్షిక పెట్టి, గ్రూపులోకి రాగానే అందరికీ ముందు అదే కనబడేట్టు పైన నిలబెట్టింది.

ఇక చూడాలి. పిచ్చుకకీ పికిలిపిట్టకీ తేడా తెలియనివాళ్లు కూడా నాయుణ్ణి కడిగిపారేశారు. ఒకరు దొంగన్నారు, ఇంకొకరు హంతకుడన్నారు. అతను తన ఫోటో గంటలోపే తీసేసి క్షమించమన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. తిట్లు రెండో రోజుకీ ఆగకపోయేసరికి, "నేను తెలీక సేసినాను, మీరు తెలిసి సేస్తన్నారు" అని ఎదురు రాశాడు. అది హైమవతికి పొగరుగా కనిపించింది. అతన్ని గ్రూపులోంచి తీసేసి, తనకు మెసేజీ పెట్టే దారి కూడా మూసేసింది.

దాంతో గ్రూపు రెండుగా చీలింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అని కొందరు, మొదటి రోజే గెంటాల్సిందని కొందరు. పాతవాళ్లు, మంచివాళ్లు, ఒక్కొక్కరే చెప్పాపెట్టకుండా వెళ్లిపోసాగారు. హైమవతికి కాలు నిలవడం లేదు. ల్యాబులో రక్తం తీస్తూ ఫోను చూసేది, కలిపిన అన్నం కంచంలో పెట్టుకుని ఫోను చూసేది. తప్పు చేసింది ఎవడో, కూలిపోతున్నది తన కష్టమూ అని ఆమె కుమిలిపోయింది. చివరికి ఒక ఆదివారం ఉదయం మాస్టారి గడప తొక్కింది.

"తప్పు చేసినవాణ్ణి ఉంచితే నియమం పోతోంది మాస్టారూ, పంపేస్తే మనుషులు పోతున్నారు. నన్నేం చెయ్యమంటారు?"

మాస్టారు లేచి గొడుగు తీసుకున్నారు. "పద, నడుద్దాం."

దారిపొడుగునా ఆమె ఫోను చూస్తూనే నడిచింది. ఎవరేం రాశారో ఆయనకి పైకి చదివి వినిపించింది. ఒకచోట ఆయన ఆగి తుప్పల్లోకి చెవి ఒగ్గారు. ఆమె ఆగలేదు. తలెత్తి చూసేసరికి ఒక ఊరి పొలిమేర దాటి జీడితోటలోకి వచ్చేశారు. ఆ చెట్లని ఎక్కడో చూసినట్టు ఆమెకి అనిపించింది.

చూసినవే. గూడు ఎర్రటి ఎండలో ఉంది. చుట్టూ ఉన్న రెమ్మలు తెగిపోయి నేల మీద పడి ఉన్నాయి. ఆకులు ఇంకా వాడలేదు. జంట పిట్టలు చెట్టు నుంచి చెట్టుకి ఎగురుతూ కీచుగా అరుస్తున్నాయి గాని గూటి మీదికి రావడం లేదు. గూటికి ఎదురుగా ముగ్గురు మనుషులు పెద్ద కెమెరాలు నిలబెట్టుకుని ఉన్నారు. పీట మీద ఒక సన్నటి మనిషి నిలబడి, తెగిన రెమ్మల్ని కుట్టుదారంతో మళ్లీ కొమ్మకి కడుతున్నాడు. అతనే తవిటినాయుడు. నీడ ఇంకా గూటిదాకా రాలేదు.

హైమవతి కెమెరాలవాళ్ల మీదికి వెళ్లింది. "ఎవరు చెప్పారు మీకు ఈ చోటు?"

వాళ్లలో పెద్దాయన ఆమెని గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. "మీ గ్రూపులో చూసే వచ్చామండీ. వెనక ఆ నీళ్ల ట్యాంకు మీద ఊరి పేరుంది చూశారా, దాని చుట్టూ మీరు ఎర్ర సున్నా చుట్టారు కదా. లేకపోతే మేం గమనించేవాళ్లమే కాదు. చాలా థాంక్సండీ." ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే కృతజ్ఞత చెప్పాడు.

ఆమె తోట అవతల ఉన్న ట్యాంకు వైపు చూసింది. ఊరి పేరు కూడా దాచలేదు చూడండి అని నలుగురికీ చూపించడానికే ఆ సున్నా చుట్టింది. (ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.) నాయుడి ఫోటో గంటలో మాయమైతే, ఆమె పెట్టినది ఇవాళ్టికీ అందరికంటే పైన ఉంది. హైమవతికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా?" అంది నాయుడితో.

"సెప్పుదామనే సూసినానమ్మా. నా మెసేజీ మీకు ఎల్లడం నేదు. అందుకే మాస్టారికి ఫోన్ సేసినాను." అతను దారం ముడి నుంచి చూపు తిప్పలేదు. "కాసింత ఎనక్కి జరగండమ్మా. మిమ్మల్ని సూసినా బెదురుతున్నాయి."

ఆమె వెనక్కి జరిగింది. ఎర్ర సున్నాల ఫోటో తీసేసింది. సిగ్గు మనిషిలో ఎక్కువసేపు సిగ్గుగా ఉండదు. కోపంగా మారితేనే దానికి కాస్త ఊపిరాడుతుంది. కెమెరాలవాళ్లు "ఇంకో రెండంటే రెండు" అంటూ ఇంకా క్లిక్కుమనిపిస్తూనే ఉన్నారు. వాళ్లలో ఒకడు అడ్డంగా ఉన్న మరో రెమ్మని మునివేళ్లతో పక్కకి వంచుతున్నాడు.

"ఆగండి, మీ సంగతి చెబుతాను. ముగ్గురి మొహాలూ ఇప్పుడే గ్రూపులో పెడతాను. నాలుగు వేలమందీ మీకు బుద్ధి చెబుతారు," అని హైమవతి ఫోను పైకెత్తి వాళ్ల మీద గురిపెట్టింది.

మాస్టారు గొడుగు మడిచి నెమ్మదిగా ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆమె భుజం మీదుగా ఫోనులోకి ఒకసారి తొంగి చూశారు.

"కాస్త పక్కకి తిప్పుకో తల్లీ," అన్నారు. "వెనకాల గూడు పడుతోంది."